పదమూడేళ్లకే జ్ఞానదంతం

కొత్త జిల్లా ఏర్పడిన ఏడాది, జూలై నెలలో, మా డెంటల్ సర్జన్ మేడం నన్ను నెలరోజుల క్యాంపు పనికి వేస్తూ ఒక ఆర్డరు ఇచ్చారు. అప్పటికి నేను హిందూపురంలో ఒక ట్రస్టు నడిపే దంత వైద్యశాలలో సీనియర్ డెంటల్ మెకానిక్‌ని. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, ఇంకొక ఊరు, ఈ నాలుగు జట్లలో కబడ్డీ ఆడే పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలందరికీ మౌత్‌గార్డులు తయారు చేసి ఇవ్వాలన్నది ఆ ఆర్డరు సారాంశం. ఆ ఇంకొక ఊరి పేరు రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు నా హోదా సంగతి చెప్పాలి. డెంటల్ మెకానిక్ అంటే స్కూటర్లు బాగుచేసే ఆడమనిషి అనుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. ఒకాయన నిజంగానే స్కూటరు తోసుకొచ్చాడు. డాక్టరు నోట్లో పని చేస్తే, మెకానిక్ నోటి బయట పని చేస్తుంది. డాక్టరు పళ్ల అచ్చు తీసి ఇస్తారు. దాంట్లో రాతిపొడి కలిపి పోసి, గట్టి దవడ బొమ్మ చేసి, ఆ బొమ్మ మీద కట్టుడు పళ్లో, తొడుగులో తయారు చేయడం మా పని. రోగి ముఖం మాకు గుర్తుండదు, పళ్లు గుర్తుంటాయి. హోదాలో డెంటల్ సర్జన్ కింద, అటెండరు పైన. ఇద్దరూ పని చెప్పేవాళ్లే.

ఈ ఆర్డరు రావడానికి కారణం గంగాదేవి అనే పిల్ల. ముదిగుబ్బ పక్కన పల్లె, ధర్మవరంలో హాస్టల్లో ఉండి చదివేది. ముందటి ఏడాది టోర్నమెంటులో కూతకు వెళ్లినప్పుడు అవతలి జట్టు పిల్ల మోచేయి తగిలి ముందు పన్ను సగం విరిగింది. మేడం పంటి రంగు సిమెంటు పెట్టి దాన్ని సరిచేశారు. అప్పుడు వాళ్ల నాయన ఈరన్న కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. గొర్రెల కాపరి. భుజాన కంబళి, చేతిలో కర్ర, ముఖంలో నవ్వు అనేది లేదు.

"ఇంగొక పన్ను ఇరిగితే ఆట బంద్ డాక్టరమ్మా. గొర్లు ఉండాయి, తోలుకుంటాది," అన్నాడు.

మేడం ఏదో సర్దిచెప్పబోయారు. ఆయన వినలేదు. "పళ్లు పోయిన గొర్రె మేత మేయలేదు. దాన్ని సంతకు తోలేస్తాం. మనిషికైనా అంతే గదమ్మా," అన్నాడు. ఆ పిల్ల నోట్లో దూది పెట్టుకుని కళ్లనీళ్లు కార్చుతూ ఉంది. పన్ను నొప్పికి కాదు. మరుసటి ఏడాది ఫైనల్‌కు క్రీడా పాఠశాల సెలెక్టర్లు వస్తారని, పద్నాలుగేళ్లలోపు ఆడేందుకు ఆ పిల్లకు అదే ఆఖరి అవకాశమని తర్వాత తెలిసింది. సీటు వస్తే చదువూ ఆటా వాళ్లే చూస్తారు. రాకపోతే కర్ర పట్టుకుని మందవెంట పోవడమే.

మేడం ఆ మాట మరిచిపోలేదు. ఏడాది తిరిగేసరికి నాలుగు ఊళ్ల పీఈటీ సార్లకు ఫోన్లు చేశారు. అంపైర్లను అడిగితే, కూత స్పష్టంగా వినబడితే తొడుగు పెట్టుకున్నా తమకు అభ్యంతరం లేదన్నారు. మూడు ఊళ్ల సార్లు "చూద్దాం మేడం" అన్నారు. పేరు చెప్పని ఊరి సారు మాత్రం ఎగిరి గంతేశాడు. ఈయనకు పెద్ద మీసాలు. పిల్లలు కూడా మీసాల సారు అనే పిలిచేవాళ్లు.

"మా పిల్లలకు ముందు చేయండి మేడం. పన్నెండు మందీ ఎప్పుడు రమ్మంటే అప్పుడు రెడీ," అన్నాడట. ఉచితంగా వచ్చేదాన్ని ముందుగా అందుకోవాలన్న తొందర తప్ప, పళ్ల అచ్చులో ఏమేమి పడతాయో ఆయన ఆలోచించలేదు. నా సర్వీసులో ఇంత మంచి పొరపాటు చేసిన మనిషి ఇంకొకరు దొరకలేదు.

క్యాంపు ఎలా జరుగుతుందో చెబుతాను. రబ్బరు గిన్నెలో గులాబీ రంగు పొడి, నీళ్లు పోసి గబగబా కలపాలి. వెన్నలా అయ్యాక ఇనుప ట్రేలో వేసి ఇస్తే, మేడం పిల్ల పైదవడకు అద్ది పట్టుకుంటారు. రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. ఈలోగా కొందరికి వాంతి వచ్చేటట్టు ఉంటుంది. అలాంటివాళ్లను కుడికాలు పైకెత్తి కాలివేళ్లు ఆడించమంటాను. ధ్యాస కాలిమీదికి పోతే గొంతు ఊరుకుంటుంది. పన్నెండు మంది ఆడపిల్లలు వరండాలో కూర్చుని కాళ్లు ఎత్తి వేళ్లు ఆడిస్తూ ఉంటే, దోవన పోయే వాళ్లు యోగా క్లాసు అనుకున్నారు. ట్రే తీసిన వెంటనే రాతిపొడి పోసేయాలి, ఆలస్యమైతే అచ్చు ముడుచుకుపోతుంది. బొమ్మ అడుగున పెన్సిలుతో నంబరు వేస్తాను. నంబరు ఎవరిదో రిజిస్టరులో ఉంటుంది.

నాలుగు ఊళ్లవీ కలిపి నలభై ఎనిమిది బొమ్మలు ల్యాబులో వరసగా పెట్టుకుని అంచులు అరగదీస్తూ ఉన్నాను. నలభై ఒకటో నంబరు చేతికి తీసుకుని ఆగిపోయాను. అంత తొందరపడినా వంతు ఆఖరున వచ్చిన మీసాల సారు జట్టుది అది.

మనిషికి ఆరేళ్లప్పుడు మొదటి దవడ పన్ను, పన్నెండు పదమూడు ఏళ్లప్పుడు రెండోది వస్తాయి. వాటి వెనక వచ్చేది జ్ఞానదంతం. అది సాధారణంగా పదిహేడు దాటాక వస్తుంది. కొందరికి పెళ్లయ్యాక కూడా రాదు. రిజిస్టరు ప్రకారం పదమూడేళ్ల ఎనిమిదో తరగతి పిల్లకు ఆ పన్ను అటూ ఇటూ నిండుగా వచ్చి, పైన కాస్త అరిగి కూడా ఉంది. నాకు నవ్వు ఆగలేదు. మిగతావాటిని తిరగేశాను. అదే జట్టులో ఇంకో రెండు బొమ్మలకు కూడా వెనక పళ్లు దర్జాగా కూర్చుని ఉన్నాయి. ముందటి ఏడాది గంగాదేవి పన్ను విరగ్గొట్టింది కూడా ఆ జట్టే.

మూడు బొమ్మలూ ట్రేలో పెట్టుకుని మేడం గదికి వెళ్లాను. ఆమె చూశారు, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశారు.

"ఎవరికైనా ఒకరికి ముందే రావచ్చు సరోజమ్మా," అన్నారు.

"ముగ్గురికి వచ్చింది మేడం. ఒకే జట్టులో."

ఆమె మూడు బొమ్మలనూ తిరిగి ట్రేలో పెట్టారు. వయసు నిర్ధారించాలంటే ఎక్స్‌రేలు తీయాలి, మెడికల్ బోర్డు కూర్చోవాలి, అది మన పని కాదు, అడగకుండా చెప్పడానికి మనకు అధికారం లేదు అని చెప్పారు. అంతా నిజమే. అప్పుడు నా ముఖం చూసి, "నువ్వు ఏమీ చేయొద్దు," అని గట్టిగా అన్నారు. ముప్పై ఏళ్లుగా నన్ను చూస్తున్న మనిషి మరి.

నేను ఏమీ చేయలేదు. టోర్నమెంటు నిర్వాహకులు గ్రౌండులో పళ్ల రక్షణ మీద ఒక టేబులు పెట్టమని అడిగారు, మేడమే ఒప్పుకున్నారు. టేబులు మీద ఏదో ఒకటి పెట్టాలి కదా. ఏ వయసులో ఏ పన్ను వస్తుందో పెద్ద అక్షరాలతో ఒక చార్టు రాశాను. దాని ముందు అచ్చు బొమ్మలు పదింటిని వరసగా పేర్చాను. పేర్లు లేవు, నంబర్లు మాత్రమే. ఆ పదింటిలో మూడు ఏవో చెప్పాల్సిన పని లేదు. అవి పదిహేడు, ఇరవై ఒకటి అని రాసి ఉన్నచోట పడ్డాయి. టేబులు సైజు అలా కుదిరింది.

తొడుగులు తయారు చేయడం కూడా చెప్పి ముందుకు పోతాను. ఆరిన బొమ్మను యంత్రంలో పెడతాం. పైన మెత్తటి ప్లాస్టిక్ రేకు వేడెక్కి అప్పడం పిండిలా కిందికి జారుతుంది. సరిగ్గా అప్పుడు బొమ్మ మీదికి దించి, కింద నుంచి గాలి పీల్చేయాలి. రేకు పళ్లకు అతుక్కుపోతుంది. అంచులు కత్తిరించి నునుపు చేస్తే తొడుగు తయారు. దెబ్బ తగిలితే ఆ జోరు ఒక్క పన్ను మీద పడకుండా అన్నిటికీ పంచుతుంది. పంటికీ పెదవికీ మధ్య మెత్తగా ఉంటుంది. ముందే ఇచ్చి నాలుగు రోజులు సాధన చేయించాం. మొదటి రోజు అందరూ జొల్లు కార్చారు. నాలుగో రోజుకు కూత గణగణా వినబడింది. ఈరన్న మాత్రం ఆ తొడుగును అటూ ఇటూ తిప్పి, "పళ్లకు చెప్పులు కుట్టినావే అక్కా," అన్నాడు.

ఫైనల్ పెనుకొండలో. ధర్మవరం జట్టుకూ మీసాల సారు జట్టుకూ మధ్య. పొద్దున తొమ్మిదికే కొండ పక్క నుంచి ఎండ చురుక్కుమంటోంది. సెలెక్టర్లు ఇద్దరు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. అవతల జట్టు ఒళ్లు కాచుకుంటోంది. అందులో పెద్దగా కనబడే పిల్లలను చూసి మా గంగాదేవి గోళ్లు కొరుకుతోంది. నేను తొడుగు కొరకమన్నాను.

ఈరన్న నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పెనుకొండ పక్కన ఎర్రమంచి దాకా మందను తోలుకొచ్చి, అక్కడ బంధువుకు అప్పగించి వచ్చాడట. బొమ్మల్ని చూసి కర్ర కింద పెట్టాడు. గొర్రెల కాపరికి పళ్లు చూపించడమంటే కంసాలికి బంగారం చూపించడమే. ఆ సంగతి నాకు తట్టలేదు, ఒట్టు.

"మా గొర్రెకి పైన ముందర పళ్లే ఉండవక్కా. కిందివి చూసి చెప్తాం. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఇంగ నోరు నిండింది అని. మనిషిది ఎట్లా లెక్క?" అని అడిగాడు.

చార్టు చూపించి చెప్పాను. వేలు పెట్టి వెనక పళ్ల దాకా తడిమాడు. ఒక్కసారి వింటే చాలింది. ఒక్కో బొమ్మనూ ఎత్తి, తిప్పి, కింద పెడుతూ పోయాడు. "ఇది పిల్ల. ఇదీ పిల్ల. ఇది ఇంగా పన్ను మొలస్తాండాది." సరిగ్గా అప్పుడే మీసాల సారు టీ గ్లాసు పట్టుకుని అటు వచ్చాడు. ఈరన్న నలభై ఒకటో నంబరు ఎత్తాడు. పక్కన రెండూ ఎత్తాడు. కొండ మీద మందను పిలిచే గొంతు ఆయనది, మెల్లగా మాట్లాడటం రాదు.

"అక్కా, ఇయి నోరు నిండినవి! పెద్ద మందలోవి గదా ఈ మూడూ. పిల్లల మందలో ఎందుకు కలిపినారు?"

షామియానా కింద కూర్చున్న ఒక సెలెక్టరు తల తిప్పి చూశాడు. మీసాల సారు టీ గ్లాసు నా టేబులు మీద పెట్టేశాడు.

"ఈ అచ్చులు ఎవురివక్కా?" అని నన్ను అడిగాడు. గొంతు బాగా తగ్గింది.

"పేర్లు చెప్పకూడదు సార్. నంబర్లు మాత్రమే. పేర్లు రిజిస్టరులో ఉండాయి."

"రిజిస్టరు యాడ ఉండాది?"

"ఈడే, నా సంచిలో," అన్నాను. నిజానికి అది హిందూపురంలో ల్యాబు బీరువాలో ఉంది. సంచిలో ఉన్నది నా మధ్యాహ్నం అన్నం. జీవితంలో చెప్పిన అబద్ధాలు లెక్కపెడితే, ఇంత హాయిగా చెప్పింది ఇదొక్కటే.

"పదమూడేళ్లకు ఆ పన్ను రాదా?"

"నా సర్వీసులో నేను చూడలేదు సార్. అదిగో పెద్దసార్లు కూర్చున్నారు కదా, అడుగుదాం ఉండండి."

"వద్దులే అక్కా, పని చూసుకో," అని ఆయన పెద్ద అంగలు వేస్తూ వెళ్లిపోయాడు. ఈరన్నకు ఏమీ అర్థం కాలేదు. "ఆయప్పకు గొర్లు ఉండాయా?" అని అడిగాడు.

పావుగంట తర్వాత మైకులో ప్రకటన వచ్చింది. అవతలి జట్టులో ఐదుగురు అమ్మాయిలకు పొద్దున తిన్న ఇడ్లీ పడక ఆరోగ్యం బాగాలేదు, మిగిలిన ఏడుగురితోనే ఆడతారు అని.

మేడం దూరం నుంచే నన్ను చూశారు. దగ్గరికి వచ్చి, "ఎన్ని పెట్టావు?" అని అడిగారు.

"మూడే మేడం. ఒట్టు."

ఆమె మైకు వైపు చూశారు, వేళ్ల మీద ఐదు లెక్కపెట్టుకున్నారు, ముఖం అటు తిప్పుకున్నారు. భుజాలు కదులుతుంటే నవ్వుతున్నారని తెలిసింది. పళ్లు ముగ్గురిని పట్టించాయి. మిగిలిన ఇద్దరి సంగతి ఆ సారే చెప్పుకున్నాడు.

ఇక మనం గెలిచినట్టే అనుకున్నారు ధర్మవరం వాళ్లు. నేనూ అనుకున్నాను. మిగిలిన ఏడుగురూ ఏడాదంతా బెంచీ మీద కూర్చున్న చిన్నపిల్లలు, చొక్కాలు మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. ఈల పడింది. అయ్యో, ఏం ఆడారు! ఉడతల్లా కాళ్ల కిందికి దూరేవాళ్లు, చీలమండ పట్టుకుంటే వదిలేవాళ్లు కాదు. మొదటి సగంలో మనమే వెనకబడ్డాం.

రెండో సగంలో గంగాదేవి కూతకు వెళ్లింది. ఇద్దర్ని తాకి వెనక్కి తిరిగింది. అందరికన్నా పొట్టిది ఒకతె దాని నడుము పట్టుకుని లాగింది, ఇంకో పిల్ల మోకాలు నేరుగా నోటికి తగిలింది. ఆ చప్పుడు టేబులు దాకా వినబడింది. గంగాదేవి పడింది. పడుతూనే చేయి చాచి మధ్యగీత తాకింది, కానీ లేవలేదు.

ఈరన్న కర్ర కూడా తీసుకోకుండా గీత దాటి పరుగెత్తాడు. అంపైరు వద్దంటున్నా ఆగలేదు. ఆ తొడుగు నేను కత్తిరించింది. అంచు ఒక్క గోరంత తక్కువ పడి ఉంటే ఆ పిల్ల బతుకు మందవెంట పోతుందని తెలుసు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని కూతురి నోట్లోంచి తొడుగు తీశాడు. పై పెదవి ఎత్తి ఒక్కో పన్నూ వేలితో తాకి చూశాడు, సంతలో గొర్రెను చూసినట్టే. పెదవి చిట్లి రక్తం వస్తోంది. పళ్లు ఒక్కటీ కదల్లేదు.

"నాయనా, సెలెక్టర్లు చూస్తాండారు. లెయ్," అంది గంగాదేవి సిగ్గుతో.

ఆయన లేచాడు. తొడుగును తన తువ్వాలుతో తుడవబోతే, నేను పరుగెత్తుకుంటూ వెళ్లి మంచినీళ్లతో కడిగి ఇచ్చాను. పెట్టుకుని మళ్లీ ఆడింది.

మేము రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. మీసాల సారు కప్పు అందుకుంటూ నమ్మలేక అటూ ఇటూ చూశాడు. ఏడాదంతా ఆ ఏడుగురిని బెంచీ మీద కూర్చోబెట్టిన మనిషికి, తన దగ్గర ఎవరున్నారో ఆ రోజే తెలిసింది. సెలెక్టర్లు గంగాదేవిని తీసుకున్నారు. దాని నడుము పట్టుకుని లాగిన ఆ పొట్టి పిల్లను కూడా తీసుకున్నారు. కాగితం మీద సంతకం అడిగితే ఈరన్న వేలిముద్ర వేశాడు. "పన్ను ఉండాది గదా. మాటంటే మాటే," అన్నాడు.

అనుమతి లేకుండా రోగుల అచ్చులు ప్రదర్శించినందుకు మేడం నాకు మెమో ఇచ్చారు. సర్వీసు మొత్తంలో నాకు వచ్చిన మెమో అదొక్కటే. తప్పు చేశాను కాబట్టి సంతకం పెట్టి తీసుకున్నాను. కానీ ఆ మెమో ఎంత సరైనదో ఇంకో వారానికి తెలిసింది.

ల్యాబు గుమ్మం దగ్గర ఒక పొడుగాటి అమ్మాయి వచ్చి నిలబడింది. నోరు తెరిచి మాట్లాడగానే గుర్తుపట్టాను, నలభై ఒకటో నంబరు. "మొన్న ఫైనల్ పొద్దున, ఇడ్లీ పడలేదన్నాక, సారు మా ఐదుగురి తొడుగులూ గుంజుకున్నాడక్కా. నాది ఇంకొకటి చేసిస్తావా? మా కాలేజీ జట్టులో ఆడుకుంటా," అంది. ఏ కాలేజీ అన్నాను. ఇంటర్ రెండో సంవత్సరం. మరి పిల్లల్లో ఎందుకు ఆడావు అని కాస్త కటువుగానే అడిగాను.

"మా కాలేజీ జట్టు కూడా సారు చేతిలోనే ఉండాదక్కా. ఆడకపోతే అందులో పెట్టనన్నాడు. పోయినేడు ఆ పిల్ల పన్ను నా మోచేతికే ఇరిగింది. ఆ పొద్దు నేను అన్నం తినలేదు," అంది. తల దించుకుని చెప్పింది.

నాకు సిగ్గేసింది. ఆ పిల్ల పళ్లను టేబులు మీద పెట్టి, షామియానా పక్కన నిలబడి నవ్వుకున్నదాన్ని నేనే. బీరువాలోంచి దాని బొమ్మ తీసి, రేకు వేడిచేసి, అప్పటికప్పుడు తొడుగు చేసి చేతిలో పెట్టాను. బొమ్మ కూడా ఇచ్చేశాను. రిజిస్టరులో ఉన్నది ఇంకొకరి పేరు కాబట్టి, అసలు పేరు అడిగి వయసుతో సహా సరిచేసి రాసుకున్నాను. పేరు సుజాత.

పంటి అచ్చు చూస్తే మనిషి వయసు సుమారుగా చెప్పవచ్చు. తప్పు ఎవరిదో చెప్పలేం. ఆ సంగతి తెలియడానికి నాకు ముప్పై ఏళ్ల సర్వీసు చాలలేదు.